చెడిన పరుగు తరువాత

సంపాదకులు గారికి,

నమస్కారం. మారథాన్ పరుగుల గురించి మీ పత్రిక ఆదివారం అనుబంధంలో ఇటీవల వచ్చిన కథనాన్ని శ్రద్ధగా చదివాను. మెడలో పతకాలతో నిలబడినవారి ఫొటోలు, వారు సాధన మొదలుపెట్టిన తీరు, తగ్గించుకున్న బరువు, మానుకున్న మిఠాయిలు, తెల్లవారుజామున లేవడానికి పెట్టుకున్న అలారాలు, అన్నీ అందులో ఉన్నాయి. లేనిదల్లా, పతకం మెడలో పడినా తల ఎత్తుకోలేక ఇంటిదారి పట్టినవారి సంగతి. అలాంటివారు ప్రతి పోటీలోనూ ఉంటారు. గత ఆగస్టులో నేనూ వారిలో ఒకడినయ్యాను. పరుగు చెడిపోయిన మర్నాటి నుంచి మళ్లీ సాధనలో కుదురుకునే దాకా ఏమి చేయాలి, ఏమి చేయకూడదు అన్న విషయం తెలుగులో చదవడానికి దొరకడం అరుదు. ఆ లోటు వల్ల జరిగే నష్టాన్ని దగ్గరగా చూశాను గనుక ఈ ఉత్తరం రాస్తున్నాను. కొంత పొడవైనందుకు మన్నించగలరు.

నా మనవి ఒక్కటే. చెడిన పరుగు మీద పగ తీర్చుకోవడానికి వెంటనే మరో పోటీకి పేరు ఇవ్వడం ఇప్పుడు మన రన్నింగ్ బృందాలలో పౌరుషంగా చెలామణీ అవుతోంది. అది పౌరుషం కాదు, తొందరపాటు. ముందు ఒంటిని మాననివ్వాలి, తరువాత ఎక్కడెక్కడ తప్పిందో కాగితం మీద రాసుకోవాలి, ఆ తప్పులను సరిదిద్దే సాధన నెమ్మదిగా మొదలుపెట్టాలి; పోటీ తేదీ అన్నది ఇవన్నీ అయ్యాక ఆలోచించవలసిన సంగతి. ఇది వినడానికి అందరికీ తెలిసిన మాటలాగే ఉంటుంది. పాటించేవారిని మాత్రం నేను చాలా తక్కువగా చూశాను.

నాకు 46 ఏళ్లు. రాజమహేంద్రవరంలో డిగ్రీ విద్యార్థులకు లెక్కలు చెబుతాను. ఆరేళ్లుగా గోదావరి గట్టు మీద పరుగెత్తుతున్నాను. హాఫ్ మారథాన్‌లు నాలుగు పూర్తిచేశాను గానీ, పూర్తి మారథాన్ మాత్రం ఆగస్టులో హైదరాబాదులో పరుగెత్తిందే మొదటిది. ఏర్పాట్లలో నాకు ఏ లోపమూ కనబడలేదు. తప్పులన్నీ నావే, అందులోనూ లెక్కల మాస్టారు చేయకూడని తప్పులు. 42.195 కిలోమీటర్లను 4 గంటల 15 నిమిషాలలో ముగించాలనుకున్నవాడికి కిలోమీటరుకు 6 నిమిషాల 3 సెకన్ల వేగం చాలు. ఆ అంకెను నెలల తరబడి వల్లె వేసుకున్న నేను, చుట్టూ ఉన్న జనం ఊపులో, తెల్లవారుజాము చల్లదనంలో, మొదటి 10 కిలోమీటర్లను 5 నిమిషాల 40 సెకన్ల చొప్పున లాగించాను. సగం దూరం 2 గంటల 2 నిమిషాలలో దాటాను. అప్పటికి నా మనసులో లెక్క మారిపోయి, 4 గంటల 5 నిమిషాల గురించి కలలు మొదలయ్యాయి. 32వ కిలోమీటరు దగ్గర రెండు తొడలూ ఒకేసారి పట్టేశాయి. అక్కడి నుంచి మిగిలిన 10 కిలోమీటర్లకు నాకు పట్టిన సమయం 2 గంటల 24 నిమిషాలు. అది పరుగు కాదు, నడక కూడా కాదు. కరెంటు స్తంభాన్ని పట్టుకుని నిలబడటం, మళ్లీ నాలుగడుగులు వేయడం. మొత్తం 5 గంటల 38 నిమిషాలకు గీత దాటాను. పతకం ఇచ్చిన అమ్మాయి చిరునవ్వుతో "కంగ్రాట్స్ అంకుల్" అంటే నాకు ఏడుపు వచ్చింది.

ఇంటికి వచ్చాక మా అమ్మ అడిగిన ప్రశ్న ఇంకా చెవిలో మోగుతూనే ఉంది: "నిన్నెవరు తరిమార్రా?" సహోద్యోగులు అడిగింది మరొకటి: "మాస్టారూ, ఎన్నో ప్లేసు వచ్చింది?" మారథాన్‌కు వెళ్లిన ప్రతివాడూ గెలవడానికే వెళ్తాడని మన ఊళ్లలో ఇంకా అనుకుంటారు, అందులో వారి తప్పేమీ లేదు. అయితే ఈ ప్రశ్నలకు జవాబు చెప్పలేని సిగ్గే, రెండో వారంలోనే బూట్లు కట్టుకునేలా చేస్తుంది. మా వాట్సాప్ బృందంలో ఆ వారమంతా వచ్చిన సందేశాల సారాంశం, పడినచోటే లేవాలి అని. రాసినవారి అభిమానాన్ని తప్పుపట్టను. కానీ అదే పరుగులో నాకంటే ఆలస్యంగా వచ్చిన ఒక యువ మిత్రుడు ఆ మాటలను అక్షరాలా తీసుకుని, పదకొండో రోజున 18 కిలోమీటర్లు పరుగెత్తి, ఏడో వారంలో మరో నగరంలో ఇంకో పూర్తి మారథాన్‌కు నిలబడ్డాడు. 27వ కిలోమీటరు దగ్గర ఆగిపోయాడు. మోకాలి కింది ముందు ఎముకలో సన్నని పగులు ఉందని స్కానింగ్‌లో తేలింది. రెండు నెలలు పరుగు ఊసు ఎత్తవద్దని వైద్యులు చెప్పారు. అతని వయసు 29. ఈ ఉత్తరానికి అసలు ప్రేరణ అతనే.

మారథాన్ తరువాత శరీరంలో జరిగేది కేవలం అలసట కాదు. వేల అడుగుల తాకిడికి కండరాల పోగులు సూక్ష్మంగా చిట్లుతాయి. ఆ చిట్లిన కండరాల నుంచి రక్తంలోకి వచ్చే క్రియేటిన్ కైనేజ్ అనే ఎంజైము కొన్ని రోజుల పాటు మామూలు కంటే చాలా ఎక్కువగా ఉంటుంది. నొప్పి అదే రోజు కాక, మర్నాటి నుంచి మూడో రోజు వరకు పెరుగుతుంది. మెట్లు ఎక్కడం కంటే దిగడం కష్టమవడం మారథాన్ చేసిన ప్రతివారికీ అనుభవమే. ఇక్కడే చాలామంది మోసపోతారు: నొప్పి వారానికే పోతుంది గానీ కండరం లోపల మానడానికి అంతకంటే ఎక్కువ రోజులు పడుతుంది. ఎముకలూ, స్నాయువులూ ఇంకా నెమ్మది. నొప్పి లేదు కాబట్టి మానిపోయిందనుకోవడం, జ్వరం తగ్గగానే మందులు ఆపేయడం లాంటిది. న్యూజిలాండ్ రన్నర్ జాక్ ఫోస్టర్ పేరు మీద రన్నర్లలో ఒక పాత లెక్క ప్రచారంలో ఉంది: పోటీలో పరుగెత్తిన ప్రతి మైలుకూ ఒక రోజు చొప్పున గట్టి సాధన జోలికి వెళ్లకూడదని. మారథాన్ 26 మైళ్లు, అంటే 26 రోజులు. ఇది ప్రయోగశాలలో తేల్చిన సూత్రం కాదు, అనుభవజ్ఞుల మాట. కానీ నా 46 ఏళ్ల ఒంటికి అది కూడా కాస్త తక్కువే అనిపించింది.

ఈ విరామంలో మనిషిని తినేసేది, నెలల కష్టం కరిగిపోతోందన్న భయం. ఆ భయానికి ఆధారం తక్కువ. పది, పదిహేను రోజులు పరుగు మానినంత మాత్రాన గుండె, ఊపిరితిత్తుల శక్తిలో వచ్చే తరుగు స్వల్పం. నెలల సాధనతో వచ్చినది రెండు వారాలలో పోదు. ఈ మాట ఒక్కటి ముందే తెలిసి ఉంటే మా మిత్రుడు పదకొండో రోజున గడియారం పెట్టుకుని బయలుదేరేవాడు కాదేమో.

మొదటి వారం తరువాత నేను చేసిన పని, పరీక్ష పేపరు దిద్దినట్టు నా పరుగును దిద్దుకోవడం. ఎక్కడెక్కడ మార్కులు పోయాయో రాసుకున్నాను. వేగం సంగతి పైన చెప్పాను. రెండోది దారి. హైదరాబాదులో మారథాన్ అంటే ఫ్లైఓవర్లు ఎక్కి దిగడమే అని వెళ్లివచ్చిన ప్రతివారూ చెబుతారు, నేనూ విన్నాను, విని, ఏడాది పొడవునా బల్లపరుపుగా ఉండే గోదావరి గట్టు మీదే సాధన చేశాను. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది కాబట్టి ఎక్కడమే కష్టమని అందరం అనుకుంటాం. నిజానికి తొడలను దెబ్బతీసేది దిగడం. దిగేటప్పుడు తొడ ముందు కండరం సాగుతూనే ఒంటి బరువును ఆపవలసి వస్తుంది. ఆ పనిలో పోగులు ఎక్కువగా చిట్లుతాయి. సాధనలో ఒక్క దిగుడూ చూడని తొడలు 32వ కిలోమీటరు దాకా రావడమే గొప్ప. మూడోది, శ్రావణమాసం. దగ్గరి బంధువుల ఇళ్లలో రెండు పెళ్లిళ్లు వచ్చి రెండు ఆదివారాల లాంగ్ రన్‌లు పోయాయి. 30 కిలోమీటర్లు దాటి పరుగెత్తింది మొత్తం సాధనలో ఒక్కసారే. పెళ్లిళ్లకు వెళ్లడం తప్పు కాదు. ఆ లోటు పెట్టుకుని కూడా లక్ష్యాన్ని ఒక్క నిమిషం సడలించకపోవడం తప్పు.

నాలుగోది తిండీ, నీళ్లూ. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లలో ఎక్కువమంది పరుగు ఇక్కడే చెడుతోందని నా అభిప్రాయం. పిండిపదార్థాల నుంచి వచ్చే ఇంధనాన్ని శరీరం గ్లైకోజెన్ రూపంలో కండరాలలోనూ కాలేయంలోనూ దాచుకుంటుంది. ఆ నిల్వ సుమారు 2,000 కిలోకాలరీల స్థాయిలోనే ఉంటుంది. నాలాంటి 70 కిలోల మనిషి 42 కిలోమీటర్లు పరుగెత్తడానికి దాదాపు 3,000 కిలోకాలరీలు కావాలి. తేడా కొవ్వు నుంచి రావాలి గానీ కొవ్వు నెమ్మదిగా కరిగే ఇంధనం. మొదట్లో ఎంత వేగంగా వెళితే గ్లైకోజెన్ అంత త్వరగా ఖర్చవుతుంది. 30 కిలోమీటర్ల తరువాత చాలామందికి ఒక్కసారిగా కాళ్లు కదలకపోవడానికి, రన్నర్లు 'వాల్' అని పిలిచే ఆ స్థితికి, ప్రధాన కారణం ఇదే. అందుకే సుదీర్ఘమైన పరుగులో గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం తీసుకోవాలని క్రీడా పోషకాహార నిపుణులు చెబుతారు. నేను తీసుకున్నది 5 గంటల 38 నిమిషాలలో రెండు జెల్‌లు (పరుగులో శక్తి కోసం మింగే తియ్యటి పొట్లాలు), అంటే మహా అయితే 50 గ్రాములు. ఒక గంట తిండితో అయిదున్నర గంటలు నెట్టుకొచ్చానన్నమాట.

నీళ్ల విషయంలో తప్పు దీనికి ఎదురువైపు జరిగింది. దాహమున్నా లేకపోయినా, ప్రతి బల్ల దగ్గరా ఆగి మంచినీళ్లు తాగాను. ఉప్పు ఊసే లేదు. నీళ్లు ఎంత ఎక్కువ తాగితే అంత మంచిదన్న నమ్మకం మనలో బలంగా ఉంది. కానీ 2002 బోస్టన్ మారథాన్‌లో రక్తపరీక్ష చేసిన 488 మంది రన్నర్లలో 13 శాతం మందికి రక్తంలో సోడియం, అంటే ఉప్పులో ఉండే మూలకం, ఉండవలసిన దానికంటే తక్కువగా ఉన్నట్టు 2005లో వెలువడిన అధ్యయనం తేల్చింది. పరుగులో ఒంటి బరువు తగ్గడానికి బదులు పెరిగేంతగా నీళ్లు తాగినవారిలో ఈ ప్రమాదం ఎక్కువగా కనిపించింది. సోడియం మరీ పడిపోతే తలనొప్పి, వాంతులు, అయోమయంతో మొదలై ప్రాణం మీదికి రావచ్చు. ఇంతకీ నాకు ఆ ఉదయం కలిగిన వికారానికి కారణం అదో కాదో నేను చెప్పలేను, పరీక్ష చేయించుకోలేదు. కానీ పరుగుకు ముందు నొప్పులు రాకుండా ఒక మాత్ర వేసుకున్నానని చెప్పినప్పుడు మా కుటుంబ వైద్యుడు కుర్చీలోంచి లేచినంత పని చేశారు. ఐబుప్రోఫెన్ వంటి నొప్పి మాత్రలు, ఒంట్లో నీరు తగ్గిన సమయంలో మూత్రపిండాలకు హాని చేస్తాయని ఆయన వివరించారు. మా బృందంలో ఈ మాత్రను చాక్లెట్‌లా పంచుకునేవారు ఉన్నారు గనుక దీన్ని ప్రత్యేకంగా రాస్తున్నాను. పరుగు తరువాత మూత్రం నల్ల టీ రంగులో వచ్చినా, గుండెల్లో పట్టేసినట్టున్నా, స్పృహ తప్పినా, ఎముక మీద ఒకే చోట వేలితో నొక్కితే నొప్పి పుట్టినా, అది విశ్రాంతితో తేలే విషయం కాదు, ఆసుపత్రికి వెళ్లవలసిన విషయం.

పడి లేచిన గొప్ప రన్నర్ల కథలు ఇలాంటి సమయంలో అందరూ చెబుతారు. నాకు ఎక్కువమంది చెప్పింది బ్రిటన్ రన్నర్ పౌలా రాడ్‌క్లిఫ్ కథ. 2004 ఆగస్టులో ఏథెన్స్ ఒలింపిక్స్ మారథాన్‌లో ఆమె సుమారు 36 కిలోమీటర్ల దగ్గర ఆగిపోయి రోడ్డు పక్కన కూలబడి ఏడ్చింది. 11 వారాలకు, నవంబరులో, న్యూయార్క్ మారథాన్ గెలిచింది. నిజమే. కానీ ఆమె అప్పటికే ప్రపంచ రికార్డు నెలకొల్పిన వృత్తి రన్నర్. పరుగు, తిండి, నిద్ర తప్ప మరో ఉద్యోగం లేని మనిషి. ఉదయం అయిదింటికి పరుగెత్తి, తొమ్మిదింటికి తరగతిలో నిలబడి, సాయంత్రం కూరగాయల సంచితో ఇంటికి చేరే నాబోటివాడు ఆ 11 వారాలను తనకు కొలతగా పెట్టుకుంటే ఎలా? పైగా ఏథెన్స్‌లో మారథాన్ చెడిన అయిదు రోజులకే ఆమె 10,000 మీటర్ల పరుగులో దిగి, అందులో కూడా మధ్యలోనే ఆగిపోయింది. ఈ భాగాన్ని నాకు ఎవరూ చెప్పలేదు. అయిదు రోజులకు ఏమి జరిగిందో, 11 వారాలకు ఏమి జరిగిందో పక్కపక్కన పెట్టి చూస్తే ఆ కథ చెప్పేది వేరే.

నాకు నచ్చిన ఉదాహరణ కెన్యా మారథాన్ రన్నర్ ఎలియుడ్ కిప్‌చోగే. ఏళ్ల తరబడి ఓటమి ఎరగని ఆయన 2020 అక్టోబరులో లండన్‌లో చలీ వానల మధ్య 8వ స్థానంలో వచ్చాడు. వెంటనే మరో పోటీ వెతుక్కోలేదు. తరువాతి మారథాన్ 2021 ఏప్రిల్‌లో, 28 వారాల తరువాత, నెదర్లాండ్స్‌లోని ఎన్‌స్కెడేలో. 2 గంటల 4 నిమిషాల 30 సెకన్లతో గెలిచాడు. ఆ ఆగస్టులో జపాన్‌లోని సపోరోలో ఒలింపిక్ స్వర్ణం. ప్రపంచంలోకెల్లా మేటి కాళ్లకు 28 వారాలు అవసరమైతే, నా కాళ్లకు ఎన్ని వారాలో మా డిగ్రీ విద్యార్థులే లెక్కగట్టగలరు.

మరొక కథ కేవలం నా ఊరట కోసం. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్ మారథాన్ నాటి ఎండకు దాదాపు సగం మంది పరుగు పూర్తిచేయలేకపోయారు; పోర్చుగల్ రన్నర్ ఫ్రాన్సిస్కో లాజరో కుప్పకూలి మర్నాడు చనిపోయాడు. జపాన్‌కు చెందిన షిజో కనకురి దారిలో సొమ్మసిల్లి, ఒక ఇంటివారి దగ్గర సేదదీరి, నిర్వాహకులకు చెప్పకుండానే స్వదేశానికి వెళ్లిపోయాడు. ఎనిమిదేళ్లకు 1920లో ఆంట్వెర్ప్ ఒలింపిక్స్‌లో పరుగు పూర్తిచేసి 16వ స్థానంలో నిలిచాడు. అదే ఏడాది మొదలై నేటికీ జపాన్ అంతా టీవీల ముందు కూర్చుని చూసే హకోనే ఎకిడెన్ రిలే పరుగు వెనుక ఉన్నవారిలో ఆయనొకడు. 1967లో స్వీడన్ వారు పిలిచి స్టాక్‌హోమ్‌లో ఆగిన పరుగును పూర్తి చేయించారు. నమోదైన సమయం 54 ఏళ్ల 8 నెలల 6 రోజుల 5 గంటల 32 నిమిషాల 20.3 సెకన్లు. చివరి గంటలూ నిమిషాలూ నా సమయానికి దగ్గరగానే ఉన్నాయని మా అబ్బాయి గుర్తుచేశాడు.

ఇక నా తిరుగు ప్రయాణం. మొదటి మూడు వారాలు పరుగు లేదు. అయిదో రోజు నుంచి సాయంత్రాలు కోటిలింగాల ఘాట్ దాకా నడక, అంతే. పరుగు గడియారాన్ని బీరువాలో పెట్టి తాళం మా ఆవిడకు ఇచ్చాను. నాలుగో వారంలో రెండు నిమిషాలు పరుగు, రెండు నిమిషాలు నడక చొప్పున ఇరవై నిమిషాలు. పక్కవాడితో ఆగకుండా మాట్లాడగలిగే వేగం. మొదటి రోజు విచిత్రమైన సంగతి జరిగింది. కాళ్లు బాగానే ఉన్నాయి, ఊపిరి బాగానే ఉంది, కానీ తొడలో చిన్న కదలిక వచ్చినా 32వ కిలోమీటరు కళ్లముందుకు వచ్చి ఆగిపోయేవాణ్ణి. ఒంటికి తగిలిన దెబ్బ కంటే ఇది మానడానికి ఎక్కువ కాలం పట్టింది. దీనికి మందు నాకు దొరికింది ఆర్ట్స్ కళాశాల మైదానంలో. అక్కడ నడకకు వచ్చే పెద్దవాళ్ల మధ్య, ఎవరూ గమనించని వేగంతో, దూరం కొలవకుండా తిరగడం. ఒక పెద్దాయన ప్రతిరోజూ నన్ను దాటి వెళ్తూ "మెల్లగా మాస్టారూ" అనేవారు. ఆయన నడుస్తున్నారు, నేను పరుగెత్తుతున్నాను.

ఏడో వారానికి గంట సేపు ఆగకుండా పరుగెత్తగలిగాను. అప్పుడు దిగుళ్ల సాధన మొదలుపెట్టాను. మా ఊళ్లో ఫ్లైఓవర్ల మీద పరుగు కుదరదు గానీ పుష్కర ఘాట్ మెట్లు ఉన్నాయి. వారానికి రెండుసార్లు, ఒక్కో మెట్టు మీద మూడు అంకెలు లెక్కపెడుతూ మెల్లగా దిగడం; మొదట పది నిమిషాలు, తరువాత ఇరవై. స్నానాలకు వచ్చినవారు నేనేదో మొక్కు తీర్చుకుంటున్నానని అనుకుని దారి ఇచ్చేవారు. ఆదివారం తెల్లవారకముందే, వాహనాలు పలుచగా ఉన్న వేళ, కొవ్వూరు వైపు వెళ్లే రోడ్డు కం రైలు వంతెన ఎక్కుడు దారిని నాలుగుసార్లు ఎక్కి దిగుతాను. ఎక్కేటప్పుడు నడక, దిగేటప్పుడు చిన్న చిన్న అడుగులతో పరుగు. మొదటిసారి చేసిన మర్నాడు తొడలు పట్టేశాయి, నెల తిరిగేసరికి ఆ పట్టు రాలేదు. కండరం ఒకసారి దిగుడుకు అలవాటుపడితే తరువాత అదే దిగుడుకు అంతగా చిట్లదన్న సంగతి నాకు పుస్తకంలో కంటే ఆ వంతెన మీదే బాగా అర్థమైంది.

తిండిని కూడా సాధన చేయవలసిందే అన్నది నేను ఆలస్యంగా నేర్చుకున్న విషయం. ఇప్పుడు గంటన్నర దాటిన ప్రతి పరుగులో అరగంటకొకసారి ఖర్జూరమో బెల్లం పల్లీపట్టీయో తింటాను. మొదటి రెండు వారాలు కడుపు ఎదురుతిరిగింది, తరువాత ఊరుకుంది. ఓఆర్ఎస్ పొట్లాన్ని దానిమీద రాసిన కొలత ప్రకారం లీటరు నీటిలో కలిపి, దాహాన్ని బట్టి తాగుతాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రంలో లీటరుకు 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజు ఉంటాయి. దుకాణాలలో దొరికే తియ్యటి డబ్బా పానీయాలు దానికి సాటి రావు. రక్తపోటు ఉన్నవారు మాత్రం ఉప్పు విషయం తమ వైద్యుడిని అడిగి తేల్చుకోవాలి. ఇంటికి వచ్చాక ఉప్పు వేసిన మజ్జిగ, పెరుగన్నం. ఈ విషయంలో మన వంటిల్లు ఏ జెల్ కంపెనీకీ తీసిపోదు.

మీ పత్రికకు నా విన్నపాలు కొన్ని. పోటీల వార్తలు రాసేటప్పుడు విజేతలతో పాటు చివరి గంటలో గీత దాటినవారిలో ఒకరిద్దరిని కూడా పలకరించండి. వారు ఎందుకు ఆలస్యమయ్యారో చదివితే రాబోయే ఏడాది పరుగెత్తేవారికి పనికివస్తుంది. పెద్ద పోటీ జరిగిన మర్నాటి ఆరోగ్య పేజీలో, తరువాతి నాలుగు వారాలు ఎలా గడపాలో క్రీడా వైద్యులతో రాయించండి. పోటీకి ముందు మూడు నెలల సాధన పట్టికలు ఎన్నో వస్తున్నాయి. తరువాతి నెల పట్టిక ఒక్కటీ రావడం లేదు. రన్నింగ్ బృందాల నిర్వాహకులకు కూడా ఒక మాట: చెడిన పరుగు నుంచి వచ్చినవాడిని తదుపరి పోటీ ఎప్పుడని కాక, నిద్ర పడుతోందా అని అడగండి. తెల్లవారుజామున కళాశాల, పాఠశాల మైదానాల గేట్లు తీసి ఉంచితే, మానుతున్న కాళ్లు తారు రోడ్డు మీద పడకుండా మట్టి మీద తిరుగుతాయి. మా ఊళ్లో ఒక మైదానం గేటు ఆరున్నరకు గానీ తెరవరు. అప్పటికి పరుగు వేళ దాటిపోతుంది.

నాలుగు నెలలయింది. పోయిన ఆదివారం ధవళేశ్వరం వైపు వెళ్లి వచ్చాను, మొత్తం 22 కిలోమీటర్లు, కిలోమీటరుకు 6 నిమిషాల 50 సెకన్ల వేగం. వచ్చే పోటీకి పేరు ఇంకా ఇవ్వలేదు. పూర్తి 30 కిలోమీటర్ల పరుగులు మూడు అయ్యాక, ఎడమ తొడ పుష్కర ఘాట్ చివరి మెట్టు దాకా మారు మాట్లాడకుండా దిగాక, అప్పుడు చూద్దామనుకుంటున్నాను. మా యువ మిత్రుడికి ఈ వారమే నడవడానికి అనుమతి దొరికింది. రేపటి నుంచి సాయంత్రాలు ఇద్దరం కలిసి కోటిలింగాల ఘాట్ దాకా వెళ్తాం.

భవదీయుడు,
గోదావరి గట్టు రన్నర్ ఒకడు,
రాజమహేంద్రవరం.